దిమ్మ కింద నేల

2014 జులైలో ఒక పొద్దున చూస్తే మా కాలనీ అంబేడ్కర్ బొమ్మ దిమ్మకి కాగితం అంటించి ఉంది. పాలకెళ్ళిన మా తమ్ముడి కొడుకు దాన్ని చిరక్కుండా ఊడదీసి నా దగ్గరికి పట్టుకొచ్చాడు. నేను టీచర్ని. కాలనీకి ఏ కాగితం వచ్చినా ముందు నా చేతికే వస్తుంది. రోడ్డు మార్జిన్లో అనుమతి లేకుండా విగ్రహం పెట్టారు, ఏడు రోజుల్లో మీ అంతట మీరు తీసుకోవాలి, లేదంటే మేమే తీసేసి ఆ ఖర్చు మీ దగ్గర వసూలు చేస్తాం. ఇదీ అందులో సంగతి. కింద సుప్రీంకోర్టు ఉత్తర్వు ఒకటి చూపించారు, 2013 జనవరి 18 తేదీది.

మా అమ్మ అరుగు మీద కూచుని చింతపండు పిక్కలు తీస్తోంది. చదివి వినిపించాను.

"అనుమతంటే ఏటే?" అంది.

"బొమ్మ పెట్టుకోడానికి సర్కారు ఒప్పుకోవాలమ్మా."

"మరి మన ఊరు తీసీసినప్పుడు మనకాడేటైనా అనుమతడిగినారా?"

అప్పటికి ఇరవయ్యేళ్ళకి పైగా పిల్లలకి సాంఘికశాస్త్రం చెబుతున్నాను. ఆ ప్రశ్న ఏ పాఠంలోనూ లేదు. బొమ్మలు ఉంచాలా తీసెయ్యాలా అని పేపర్లలో, యూనివర్సిటీల్లో, లోకం నిండా ఇప్పుడు పెద్ద చర్చ నడుస్తోంది. ఆ చర్చలో కూడా మా అమ్మ ప్రశ్న నాకెక్కడా కనబళ్ళేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట మా తాత సంగతి చెప్పాలి. ఆయన పోర్టులో మేంగనీసు మోసిన మనిషి. విశాఖ హార్బరు 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ రావడంతో తెరుచుకుందని చరిత్ర రాసినవాళ్ళు రాశారు. ఉప్పుటేరుని తవ్వి రేవు చెయ్యడం, అలల దెబ్బ ఆపడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన రెండు పాత ఓడల్ని కావాలని ముంచెయ్యడం, అన్నీ రాశారు. ముంచిన ఓడలకి కూడా పేర్లున్నాయి. రాయపూర్ రైలు మీద మధ్యపరగణాల నుంచి వచ్చి దిగిన మేంగనీసు రాయిని తట్టలకెత్తి ఓడలో పోసినవాళ్ళకి పేర్లు లేవు. మా తాత చచ్చిపోయేదాకా ఆయన గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుని వన్ టౌన్ తిప్పేవాడు.

వన్ టౌన్లో విక్టోరియా రాణి బొమ్మ ఉంది. దాన్నందరూ రాణి బొమ్మ అనే అంటారు, ఆ సెంటరుకీ అదే పేరు. తల మీద కప్పుతో మండపం కట్టి మరీ నిలబెట్టారు. వానొస్తే తాత మండపం చూరు కిందకి పోవాలని చూసేవాడు గానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు.

"ఆవిడెవులు తాతా?"

"రానీగారే గుంటా. మన్నేలింది."

"మరి నీ బొమ్మేదీ?"

తాత నవ్వీసినాడు. "ఏలినోలకి బొమ్మలుంటాయి. ఏలించుకున్నోలకి తట్టలుంటాయి."

ఎమ్మే చదివేటప్పుడు ఒక సంగతి తెలిసి ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు పెట్టి విక్టోరియాని హిందూదేశానికి చక్రవర్తినిగా ప్రకటించారు. అదే వేళకి మద్రాసు రాజధానిలో ధాత కరువు. లక్షల మంది మలమల మాడి చచ్చిపోతున్నారు. భూమి లేని మాలమాదిగలూ కూలి జనమూ అందరికంటే ముందు చచ్చారు. అయినా రాణి బొమ్మని తీసెయ్యమని మా తాత ఎప్పుడూ అన్లేదు. నేనూ అనను. ఆవిడ ఇప్పుడెవర్నీ ఏం చెయ్యలేదు. కాకుల రెట్ట తుడుచుకోలేదు పాపం. కరువు సంగతి రాసిన పలక ఒకటి పక్కన పెడితే నాకు చాలు.

ఇక మా ఊరు. స్టీల్ ప్లాంటు కింద పోయిన 64 ఊళ్ళలో మాదొకటి. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా మోగిపోయింది. నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగాయి, ఉద్యమం మొత్తం మీద 32 మంది చచ్చిపోయారంటారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేసింది. ఉద్యమం నడిపిన తెన్నేటి విశ్వనాథం పేరున బీచ్ రోడ్డులో పార్కుంది. ఉండాల్సిందే. ఆ ఫ్యాక్టరీ లేకపోతే మా తమ్ముడికి రిజర్వేషన్లో ఉద్యోగం లేదు. కాని ఆంధ్రుల హక్కు కోసం ఊళ్ళిచ్చిన ఆంధ్రులెవరు? పట్టా ఉన్నవాడికి పరిహారమొచ్చింది. మా మాలపేటలో పట్టాలెక్కడివి? దొర చేలో పాలేరుతనం, చెరువు గట్టు మీద గుడిసె. పరిహారం లెక్క కట్టడానికొచ్చినవాళ్ళు మా అయ్య గుడిసె తాటాకులు లెక్కపెట్టుకుని వెళ్ళారు. రెల్లివీధి వాళ్ళకి ఆ తాటాకుల లెక్క కూడా సరిగ్గా పడలేదు.

నిర్వాసితుల కాలనీ ప్లాను గీసినప్పుడు ఊరి రాముడికి నడిబొడ్డున స్థలం చూపించారు. విగ్రహాన్ని పాత ఊరి నుంచి మేళతాళాలతో తెచ్చి ప్రతిష్ఠ చేసుకున్నారు. మాకు కాలనీ చివర, మురిక్కాలవ దిగువున. రెల్లోళ్ళకి కాలవ అవతల. ఊరు పోయింది గాని ఊరి పటం పోలేదన్నమాట. కొత్త సిమెంటు మీద పాత పటాన్నే గీశారు.

1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ రెంటి మధ్యలో అంబేడ్కర్ శతజయంతి. మా ఈడు వాళ్ళకి ఇవి తేదీలు కావు, వయసు. అప్పటిదాకా మా ఇళ్ళలో ఏసుప్రభువు పటమో రాముడి పటమో ఉండేది. శతజయంతితో నీలం కోటు పటం వచ్చింది. దాని వెనకాలే పేటపేటకీ బొమ్మ లేచింది. గవర్నమెంటు పెట్టినవి కావవి. కూలి డబ్బులతో, చందాలతో, ఒక్కోచోట దెబ్బలు తిని పెట్టుకున్నవి. ఊళ్ళో ఇంకెక్కడా మనది అనడానికి జానెడు నేల లేనివాళ్ళు ఆ నాలుగడుగుల దిమ్మ కట్టుకుని ఇక్కడ మేమున్నాం అన్నారు. దాని దగ్గర మీటింగు పెట్టుకోవచ్చు, నిరాహారదీక్షకి కూచోవచ్చు. అధికారి అర్జీ తీసుకోకపోతే ఆ అర్జీని బొమ్మ చేతికే ఇచ్చి రావచ్చు. నవ్వకండి, మా దగ్గర ఇప్పటికీ ఇస్తారు. విశాఖ సిటీలో కూడా అంతేగా, మున్సిపల్ ఆఫీసు దగ్గర గాంధీ బొమ్మ, డాబాగార్డెన్స్‌లో ఎల్.ఐ.సి. దగ్గర అంబేడ్కర్ బొమ్మ లేకపోతే బీదోడు కూడి అరవడానికి చోటేదీ?

మాది 1992 ఏప్రిల్లో పెట్టారు. వినాయకచవితి బొమ్మలు చేసే మేస్త్రి సిమెంటుతో పోశాడు. మొహం అంబేడ్కర్‌ది రాలేదు. కళ్ళజోడు తీసేస్తే కొంచెం ఎన్టీ రామారావు. అయినా వేలు మాత్రం బాగా కుదిరింది. రాత్రి పదింటికి మొదలెట్టి తెల్లారేలోపు నిలబెట్టేశారు, ఎందుకంటే పగలైతే పడనివ్వరని తెలుసు. గోతులు తవ్వింది మగవాళ్ళు. నీళ్ళు మోసింది, కంకర కలిపింది, పోలీసులొస్తే అడ్డంగా నిలబడాలని వీధి చివర కాపలా కూచుంది మేం ఆడవాళ్ళం. పాలరాతి పలక మీద పద్నాలుగు పేర్లున్నాయి. అందులో ఆడపేరు ఒకటీ లేదు. రెల్లివీధి పేరు ఒకటీ లేదు. ఆడపేరు సంగతి నాకు ఆ వారమే గుచ్చుకుంది. రెల్లివీధి సంగతి తోచడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. ఇది దాచిపెట్టి రాస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు.

నోటీసొచ్చిన సాయంత్రం స్కూలు వరండాలో కూచున్నాం. యూనియన్లో తిరిగిన మా చిన్నాన్న, "కోర్టు మాటంటే మాటే. మనమే లా అంటే గౌరవం అంటాం గదా, ఆయన రాసిన లా గదేటి? పక్కన వేరే స్థలమడిగి మార్చుకుందాం" అన్నాడు. కుర్రాళ్ళు గయ్యిమన్నారు. అంగుళం కదిపితే ఊరుకోమన్నారు. మేనకోడలు ఒకర్తి ఆంధ్రా యూనివర్సిటీలో హిస్టరీ చదువుతోంది, అది లేచి ఇంకో మాటంది. "అత్తా, అసలు మనకి బొమ్మెందుకు? రాజకీయాల్లో భక్తి పనికిరాదనీ అది నియంతృత్వానికి దారి తీస్తుందనీ రాజ్యాంగ సభలో ఆయనే చెప్పాడు కదా. మనం కొబ్బరికాయ కొట్టడమొక్కటే తక్కువ. అన్ని బొమ్మలూ తీసేస్తే పోతుంది, అందరివీ."

అందరివీ తీసేస్తే పోతుంది. వినడానికి ఇది చాలా న్యాయంగా ఉంటుంది. నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వని మాట అదే.

1927 సంగతి తీసుకోండి. ఆ ఏడాది మద్రాసు మౌంట్ రోడ్డులో నీల్ అనే సైనికాధికారి బొమ్మ తీసెయ్యాలని కాంగ్రెసువాళ్ళు సత్యాగ్రహం మొదలెట్టారు. 1857 తిరుగుబాటులో అలహాబాదు, కాన్పూరు దగ్గర ఊళ్ళకూళ్ళు ఉరి తీయించిన మనిషి వాడు. అప్పుడు మన విశాఖ జిల్లా కూడా మద్రాసు రాజధానిలోదే. అదే 1927లో మార్చి నెలలో మహద్ చెరువు నీళ్ళు తాగి, డిసెంబర్ 25న అదే మహద్‌లో అంబేడ్కర్ మనుస్మృతిని తగలబెట్టాడు. ఒకే ఏడాది రెండు పోరాటాలు. ఒకటి తెల్లవాడి బొమ్మ మీద, రెండోది ఇంటి దొర పుస్తకం మీద. నీల్ బొమ్మని 1937లో రాజాజీ మంత్రివర్గం రాగానే మ్యూజియంకి పంపించేశారు. పదేళ్ళు పట్టింది. మద్రాసు రాజధానిలో మాకు గుడి తలుపులు తీసే చట్టం రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. మరి మనువు? తగలబెట్టిన అరవై రెండేళ్ళకి, 1989లో, జైపూర్లో రాజస్థాన్ హైకోర్టు ఆవరణలో ఆయనకి బొమ్మ పెట్టారు. గొడవైతే ఆ హైకోర్టు జడ్జీలే కూచుని తీసెయ్యాలని తీర్మానం చేశారు. దాని మీద వేరేవాళ్ళు కేసు వేశారు, స్టే వచ్చింది. 2018 అక్టోబర్ 8న మహారాష్ట్ర నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి ఆ బొమ్మకి నల్లరంగు పూసి అరెస్టయ్యారు. బొమ్మ మాత్రం పోలేదు.

చూశారా, హైకోర్టు ముందు మనువుకి ఏడు రోజుల నోటీసు లేదు. ఖర్చు వసూలు లేదు.

విక్టోరియాని ఉండనిచ్చి మనువుని తియ్యమనడం రెండు నాలుకలు కాదా అని మేనకోడలు అడిగింది. కాదన్నాను. రాణి రాజ్యం పోయింది. మనువు రాజ్యం పోయిందని ఎవరైనా చెప్పగలరా? న్యాయం కోసం మెట్లెక్కే దళితుడికి గుమ్మంలో ఎవరు ఎదురవుతారన్నది పాత చరిత్ర కాదు, ఆ పూట సంగతి. ఏ బొమ్మ గురించైనా నేను చూసేది అదే, అది ఇప్పుడెవరికేం చెబుతోంది, ఎవర్ని రావద్దంటోంది అని. 2018 డిసెంబర్లో ఘనా దేశం యూనివర్సిటీలో గాంధీ బొమ్మ తీసేశారు, నల్లవాళ్ళని ఆయన దక్షిణాఫ్రికాలో తక్కువ చేసి రాశాడని. మనవాళ్ళు ఎంత నొచ్చుకున్నారో. అక్కడి పిల్లలు ఆ చెట్టు కింద చదువుకుంటారు, రోజూ ఆ మొహం చూడాల్సింది వాళ్ళు. 2011 మార్చి 10న హైదరాబాద్ టాంక్‌బండ్ మీద బొమ్మలు పడ్డాయి, మన విశాఖ శ్రీశ్రీ బొమ్మ కూడా పడింది. నాకు కడుపు తరుక్కుపోయింది. అయినా, మా నేల మీద మా మనుషుల బొమ్మలేవని అడిగిన తెలంగాణ వాళ్ళ నోరు నొక్కేంత ధైర్యం నాకు లేదు. మా పేట అడిగేదీ ఆ ప్రశ్నే.

మర్నాడు ఆ సుప్రీంకోర్టు ఉత్తర్వు తెప్పించుకుని చదివాం. కేరళలో రోడ్డు కూడలిలో ఓ నాయకుడి బొమ్మ పెట్టే గొడవలో వచ్చిందది. ఇక ముందు రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకి అనుమతివ్వొద్దని రాష్ట్రాలకి చెప్పింది. మాది 1992 నాటిది. అదే రాసి జవాబిచ్చాం. ఆ రోడ్డుకే అవతల పక్కన ప్రహరీ ముందుకొచ్చిన కట్టడం ఇంకొకటి ఉంది, దానికి నోటీసు ఎందుకు అంటించలేదో కూడా అడిగాం. జవాబు రాలేదు. ఏడు రోజులు పోయాయి, రెండు నెలలు పోయాయి, ఎవరూ రాలేదు. గెలిచామనుకున్నాం.

అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చింది. ఆ గాలి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పలేను. రేకులు ఆకుల్లాగ ఎగిరాయి. రాత్రికి గాలి తగ్గాక చెవుల్లో హోరు మిగిలిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. తెల్లారి బయటికొస్తే వీధిలో ఒక్క చెట్టు లేదు. దిమ్మ ఉంది, బొమ్మ ఉంది. వేలు చూపించే చెయ్యి మోచేతి దగ్గరికి లేదు.

అరగంటలో పుకారు లేచింది. గాలికి చెయ్యొక్కటే ఎలా విరుగుతుంది? చీకట్లో ఎవరో కొట్టేశారు. నోటీసు పని చెయ్యలేదని ఇలా చేశారు. కుర్రాళ్ళు ముప్పై మంది పోగయ్యారు, పడిపోయిన చెట్ల కొమ్మలే చేతికర్రలు. మా తమ్ముడి కొడుకు ముందున్నాడు. పై వీధికి బయల్దేరుతున్నారు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. నిజం చెబుతున్నాను, నేనూ నమ్మాను. నమ్మకుండా ఎలా ఉంటాం? 1997 జులై 11న బొంబాయి రమాబాయి నగర్లో అంబేడ్కర్ బొమ్మకి చెప్పుల దండ వేశారు, అదేంటని రోడ్డెక్కిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే పది మంది చచ్చిపోయారు. ఇలాంటివి వింటూ పెరిగినవాళ్ళం, విరిగిన చెయ్యి చూసి గాలని అనుకోం.

అప్పుడు కాలవ అవతల్నుంచి ఒక మనిషి వచ్చింది. మా రోడ్డు తుడిచే రెల్లావిడ. ఇరవై ఏళ్ళుగా రోజూ తెల్లారగట్ల దిమ్మ చుట్టూ చీపురుతో తుడిచి, ఎండిన దండలు ఏరి పట్టుకెళ్ళేది ఆవిడే. వయసులో మా అమ్మ కంటే కొంచెమే చిన్న. మేం పిల్లా పెద్దా అందరం ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళం. చేతుల్లో గోనెసంచి ఉంది, బరువుగా. దిమ్మ ముందు దింపి విప్పింది. సిమెంటు చెయ్యి, వేలు విరగలేదు.

"సెట్టిగోరి సాపు రేకు ఇరిగొచ్చి తగిలింది బాబూ. రేకూ సెయ్యీ రెండూ మా ఇంటి గోడకాడే పడున్నాయి, రాండి సూపిత్తాను. నేను రేతిరంతా ఆ గోడకాడే కూకున్నాను, పైకప్పు నేదు గదా. ఎవులూ రానేదు. ఆ గాల్లో ఎవులొత్తారు?"

రేకు మీద నీలం రంగు గీరుకుని ఉంది. కర్రలు ఒక్కొక్కటీ కింద పడ్డాయి. ఇల్లెగిరిపోయిన మనిషి పొద్దున్నే ముందు ఆ చెయ్యి మోసుకొచ్చింది. ఆ బొమ్మ ఎవరిదని అప్పటిదాకా మేం చెప్పుకుంటూ వచ్చామో నాకు సిగ్గేసింది. ఆవిడ రాకపోతే ఆ పూట ఏమయ్యేదో, ఎవరి పిల్లలు జైల్లో ఉండేవాళ్ళో నాకు తెలుసు. పై వీధి వాళ్ళకీ తెలుసు.

తర్వాతి కథ చిన్నది. విరిగిన బొమ్మ శిథిలం కింద లెక్క, తీసెయ్యాలి అన్నారు. తుపాను తర్వాత రోడ్డు వెడల్పు పని వచ్చింది. ఈసారి పోట్లాడే ఓపిక ఎవరికీ లేదు, సగం ఇళ్ళకి కప్పుల్లేవు. 2015లో బొమ్మని కమ్యూనిటీ హాలు ముందుకి మార్చుకున్నాం, చెయ్యి అతికించి. అవతలి కట్టడం దగ్గర రోడ్డు కొంచెం వంపు తిరిగి వెళ్తుంది, మీరెప్పుడైనా వస్తే చూడొచ్చు. మార్చడం తప్పా ఒప్పా అంటే ఇప్పటికీ మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి. నా మట్టుకు, మార్చినందుకు బాధ లేదు. మార్చింది మేం కూచుని మాట్లాడుకుని కాదు, ఓపిక చచ్చి. దానికి బాధ.

2019లో ఈ జిల్లాలోనే ఇంకో సంగతి జరిగింది. బీచ్ రోడ్డులో అక్కినేని, దాసరి, హరికృష్ణ బొమ్మలు పెట్టారు, అనుమతి లేదని గొడవై వాటిని రాత్రికి రాత్రి తీసేశారు. మా కుర్రాళ్ళు, "చూశావా అత్తా, అందరికీ ఒకటే రూలు" అన్నారు. అవునా అనుకున్నాను. అదే ఏడాది ఏప్రిల్ 13న, జయంతికి సరిగ్గా ముందు రోజు, హైదరాబాద్ పంజాగుట్టలో అనుమతి లేదని అంబేడ్కర్ బొమ్మ తీసేశారు. అది ముక్కలై జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డులో తేలింది. తీసెయ్యడం వరకే రూలు ఒకటి. తీసేశాక ఎక్కడ పడేస్తారన్నది ఏ రూల్లోనూ ఉండదు, అది చేతికి అలవాటైన పని. 2020 జూన్ 7న ఇంగ్లండ్ బ్రిస్టల్లో జనం కోల్‌స్టన్ అనే బానిసల వ్యాపారి బొమ్మని లాక్కెళ్ళి రేవు నీళ్ళలో తోసేశారు. తర్వాత పైకి తీసి మ్యూజియంలో పెట్టారు, రంగు మరకలతో సహా. బానిసల్ని అమ్మినవాడికి మ్యూజియం. రాజ్యాంగం రాసినవాడికి చెత్త లారీ.

ఇప్పుడు పెద్ద బొమ్మలొచ్చాయి. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో, 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో, రెండూ 125 అడుగులవి. చూడ్డానికి బస్సు మీద వెళ్ళాం, మా అమ్మ తలెత్తి చూసి మెడ పట్టేసిందంది. గర్వమనిపించలేదా అంటే అనిపించింది. కాని విజయవాడ బొమ్మ లేవడానికి మూడేళ్ళ ముందే, 2021 జనవరిలో, మా ఊరు మింగిన స్టీల్ ప్లాంటుని నూటికి నూరు పాళ్ళు అమ్మెయ్యాలని కేంద్రం నిర్ణయం తీసుకుంది. ప్రైవేటువాడి ఫ్యాక్టరీలో రిజర్వేషనుండదు. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం నడుస్తుంటే మేం వెళ్ళి కూచున్నాం. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. మా తమ్ముడి కొడుకు ఇంకా కాంట్రాక్టు కూలీయే. పర్మినెంటు పోస్టులో తమ్ముడు రిటైరైన చోట వాడికి గేటు పాసు మాత్రం ఉంది.

మా పాత బొమ్మ చుట్టూ 2015లోనే ఇనుప కటకటాలు బిగించారు. మళ్ళీ చెయ్యి పోతే అల్లర్లవుతాయని పోలీసులూ అన్నారు, మా పెద్దలూ ఒప్పుకున్నారు. ఏ కంపెనీ ఉక్కో అడగలేదు గాని మా పొలాల మీద కాచిందే అయ్యుంటుంది. తాళం వేశారు. తాళంచెవి కమిటీ ప్రెసిడెంటు దగ్గర. ఏడాదికి రెండు రోజులు తెరుస్తారు, ఏప్రిల్ 14నా డిసెంబర్ 6నా. మిగతా రోజుల్లో లోపల ఆకులు, దుమ్ము, ఎండిపోయిన దండలు. రెల్లావిడ రిటైరైంది. అయినా తెల్లారగట్ల వచ్చి కటకటాల సందుల్లోంచి చీపురు దూర్చి అందినంత మేర తుడిచేది. ఆవిణ్ణి నేనిప్పుడు పిన్నీ అని పిలుస్తాను. ఆవిడింకా నన్ను టీచరమ్మగారూ అనే అంటుంది.

పోయిన డిసెంబర్ 6 మీటింగులో లేచి, పాలరాతి పలక మార్చాలని అడిగాను. ఎవరెవరి పేర్లు చేర్చాలో కాగితం మీద రాసుకెళ్ళాను. గోల గోలైంది. పలక సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నారు. తాళంచెవికి ఇంకోటి చేయించడానికి మాత్రం ఒప్పుకున్నారు. గాజువాకలో యాభై రూపాయలు తీసుకుని చేసిచ్చాడు. అది ఇప్పుడు కాలవ అవతల, పిన్ని ఇంట్లో మేకుకి తగిలించి ఉంది.